ఖాళీ షీటు చూపిస్తేనే గోలీలు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అమ్మ అన్నది, మా ఆయన అన్నాడు, నాతో పనిచేసే ఆశా కార్యకర్త అయితే నా ముఖం మీదే నవ్వుతూ అంటుంది. పద్నాలుగేళ్లుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. సూది నొప్పికంటే సిస్టరమ్మ మాట నొప్పి ఎక్కువని ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. చాలాకాలం నేను దాన్ని గొప్పగానే చెప్పుకున్నాను. మెత్తగా చెబితే ఈ కాలంలో ఎవరు వింటారండీ?

నేను పనిచేసే సబ్ సెంటర్ ధారూర్‌కూ కోట్‌పల్లికీ మధ్య ఒక ఊళ్లో ఉంది. కాపురం వికారాబాద్‌లో. పొద్దున ప్యాసింజర్ ఎక్కి ధారూర్ స్టేషన్‌లో దిగుతాను. అక్కణ్ణుంచి ఆటో. పది మంది నిండితే తప్ప ఆటోవాడు కదలడు, అందుకని ఊరి కబుర్లన్నీ నేను ఊరు చేరకముందే నా చెవిన పడతాయి. సబ్ సెంటర్ అంటే రెండు గదులు, ముందర రేకుల వసారా, రెండు బెంచీలు, ఒక బీపీ మిషన్, ఒక షుగర్ మిషన్. బుధవారం పిల్లల టీకాలు. శుక్రవారం బీపీ, షుగర్ వాళ్లు.

ఈ శుక్రవారం వాళ్లతోనే నాకు పేచీ. పిల్లకు జ్వరమొస్తే తల్లి ఒకరు చెప్పకుండానే పరుగెత్తుకొస్తుంది. బీపీ అట్లా కాదు. నొప్పి లేదు, దగ్గు లేదు, నెత్తురు కారదు. ఏమీ కనబడని రోగానికి బతికినన్నాళ్లూ రోజూ గోలీ మింగమంటే ఎవరికి బుద్ధి పుడుతుంది? "నెత్తి నొస్తలేదు సిస్టరమ్మా, ఇగ గోలీలెందుకు?" అనేవాళ్లు. ఒకాయన దావత్‌కు పోయే ముందు రెండు గోలీలు ఒక్కసారే వేసుకునేవాడు, మటన్ తింటే బీపీ పెరుగుతుందట, ముందు జాగ్రత్త! ఇంకొక ముసలమ్మ నాలుగు నెలల గోలీలు డబ్బాలో దాచిపెట్టింది. ఎందుకే అవ్వా అంటే, "రోగం ఎక్కువైతే పనికొస్తయని" అన్నది. నవ్వాలో ఏడవాలో తెలియక తిట్టాను.

నా కోపం ఊరికే వచ్చింది కాదు. మా పుట్టిల్లు తాండూరు. మా నాయన నాపరాళ్లు పాలిష్ చేసే యూనిట్లో కూలి. సాయంత్రం ఇంటికొస్తే కనురెప్పల మీద కూడా రాతిదుమ్ము ఉండేది. నలభై ఎనిమిదేళ్లప్పుడు బీపీ ఉందన్నారు, గోలీలు రాశారు. రెండు నెలలు మింగాడు. మళ్లీ చూపించుకుంటే మంచిగుందన్నారట. మంచిగుందంటే రోగం పోయిందనుకుని మానేశాడు. ఎందుకు మానేశావని అడిగినవాళ్లు లేరు. ఆ ఎండాకాలం ఒక పొద్దున లేవబోయి మంచం పక్కన పడ్డాడు. ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆరేళ్లు మా అమ్మ తినిపిస్తే తిన్నాడు, తర్వాత పోయాడు. ఆ రోజుల్లో ఎవరైనా ఒక నర్సు మా గడపలో నిలబడి నాయనను నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో. అందుకే తిట్టే నర్సునయ్యాను.

కొన్నేళ్ల కిందట ఒక నియమం పెట్టాను. నెలకు సరిపడా గోలీలు ఇస్తాను, మరుసటి నెల ఖాళీ షీట్లు తెచ్చి చూపించాలి. అప్పుడే కొత్త గోలీలు. ఒక్క గోలీ మిగిలి కనబడినా నా నోటికి పని. మొదటి నెల సగం మంది మొహాలు వేలాడేసుకుని వచ్చారు, సగం మంది రానేలేదు. మూడో నెలకు చూడండి! కొంగుముడుల్లోంచి, అంగీ జేబుల్లోంచి, వక్కాకు సంచుల్లోంచి అన్నీ ఖాళీ షీట్లే. వాటిని రబ్బరు బ్యాండ్లు వేసి కట్టలు కట్టాను. నెల మీటింగుకు పట్టుకుపోయి టేబుల్ మీద పెట్టాను. అందరూ చప్పట్లు కొట్టారు, మిగతా నర్సులు తామూ మొదలుపెడతామన్నారు. ఇంటికొచ్చి మా ఆయనతో, "చూసినవా నా నోటి మహిమ!" అన్నాను. ఆయన టీవీ చూస్తూనే, "రోజూ చూస్తనే ఉన్న" అన్నాడు.

అందరికంటే బుద్ధిగా వచ్చే మనిషి ఒకామె ఉండేది. ఊరి చివర, జీవాలు మేపుకునేవాళ్ల ఇళ్లలో ఆమె ఇల్లు. యాభై దాటి ఉంటాయి. సన్నగా, ఎత్తుగా, చేతుల నిండా పచ్చబొట్లు. నేను చిన్నమ్మా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను బిడ్డా అనేది. బీపీ చూపించుకోవడానికి ప్రతి శుక్రవారం నేను తాళం తీసేసరికే మెట్ల మీద కూచుని ఉండేది. నెల నిండగానే కొంగుముడి విప్పి షీటు నా బల్ల మీద పెట్టేది. ఒక్క గోలీ మిగిలేది కాదు. ఊరందరికీ ఆమెను చూపించి, "చదువు లేకున్నా ఎంత బుద్ధిమంతురాలో చూడున్రి" అని చెప్పేదాన్ని.

కానీ పట్టీ చుట్టి గాలి కొడితే ఎప్పుడూ ఒకటే వరస. నూట డెబ్బై. నూట డెబ్బై ఆరు. ఒకసారి నూట ఎనభై. గోలీ మింగుతోంది, బీపీ దిగడం లేదు. పచ్చళ్లతో ఉప్పు ఎక్కువ తింటున్నదేమోనని పడ్డాను ఆమె మీద.

"తొక్కు తింటున్నవా?"

"తింట బిడ్డా. తొక్కు లేకుంటే బువ్వ ఎట్ల దిగుతది?"

"దిగకుంటే దిగకపాయె! నీ పానం కంటే తొక్కు ఎక్కువనా?"

"సరే బిడ్డా, ఇడిసిపెడత" అనేది. తొక్కు మానేసిందని ఆశా కూడా చెప్పింది. అయినా బీపీ దిగలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. పాపం ఆమెకు ఇరవై ఊళ్లు. షీట్లు ఖాళీ ఉన్నాయా అని అడిగింది, ఉన్నాయన్నాను. ఇంకొక రకం గోలీ కలపమన్నది. కలిపాను. మళ్లీ మూడు నాలుగు నెలలు చూశాం, అంతే. తాండూరు పెద్ద దవాఖానకు పోయి గుండె, కిడ్నీలు చూపించుకోమని చీటీ రాసిచ్చాను. సరే అన్నది, పోలేదు. చివరికి డాక్టరమ్మ రెండు గోలీలనూ డబల్ చేయమన్నది.

"నీ కడుపుల గోలీలు ఏమైపోతున్నయే చిన్నమ్మా? కరుగుతున్నయా లేదా?" అని ఎగతాళి చేశాను. ఆమె నవ్వి ఊరుకుంది.

ఆమె భర్త ఆమెతోనే వచ్చేవాడు కానీ లోపలికి అడుగుపెట్టేవాడు కాదు. భుజాన గొంగడి, చేతిలో కట్టె, గేటు దగ్గరే నిలబడేవాడు. ఆ చుట్టుపక్కల ఆయనంటే పెద్ద పేరు. కందికోతలు అయిపోగానే నాలుగైదు ఇళ్లవాళ్లు మందలన్నీ కలిపి మేతకు బయలుదేరతారు. ముందు కోట్‌పల్లి చెరువు కింది పొలాలు, తర్వాత కుల్కచర్ల దిక్కు, ఒక్కో ఏడు కన్నడం మాట్లాడే ఊళ్ల దాకా కూడా. ఏ చేలో మంద నిలపాలి, ఎప్పుడు నీళ్లకు తోలాలి, ఎక్కడినుంచి ఎప్పుడు కదలాలి, అన్నీ ఒక్క మనిషి మాట. ఆ మనిషే మంద పెద్ద. పన్నెండేళ్లుగా ఆ పెద్దరికం ఈయనదే.

"ఏం కాకా, లోపలికి రా, జర బీపీ చూస్త" అని నేను పిలిస్తే, "నాకేం రోగం సిస్టరమ్మా? నీకంత సోకైతే మా గొర్లకు చూడు" అనేవాడు. బెంచీ మీద వాళ్లంతా పక్కున నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది. ఆమె నన్ను రెండు మూడుసార్లు వింత ప్రశ్నలు అడిగింది. ఎండలో దినమంతా తిరిగేవాళ్లు ఈ గోలీ వేసుకోవచ్చా అని ఒకసారి. "నువ్వు ఎండల తిరుగుడెందుకు? ఇంటి పట్టున ఉండు" అన్నాను. రాత్రి మరిచిపోతే పొద్దున రెండు కలిపి వేసుకోవచ్చా అని ఇంకోసారి. "ఎందుకు మరుస్తవ్?" అని కసిరాను. మందలు కదిలే ముందు శుక్రవారం వచ్చి, మూడు నెలల గోలీలు ఒక్కసారే కావాలన్నది.

"నువ్వేమన్న మంద ఎంబడి పోతున్నవా?"

"లే బిడ్డా."

"మరి ఊళ్లనే ఉండేదానివి, మూడు నెలలవి ఏం చేసుకుంటవ్?"

కొంగు చివర వేలికి చుట్టుకుంటూ, "ఊకెనే" అన్నది.

"ఊకెనే ఇచ్చెటందుకు గివి పుట్నాలా? నెలనెలా రా, షీటు చూపియ్యి, తీసుకపో" అన్నాను. అందరికీ ఒకటే నియమం కదా. కొత్తగా డబల్ చేసిన నెల గోలీలు చేతిలో పెట్టి పంపాను.

నాలుగు రోజులకు, మంగళవారం, మధ్యాహ్నం రెండు దాటింది. బండి చప్పుడైతే బయటికి వచ్చాను. ఇద్దరు కాపరులు మధ్యలో ఒక మనిషిని కూచోబెట్టుకుని తెచ్చారు. తల ముందున్నవాడి వీపు మీద వాలిపోయి ఉంది. చూస్తే ఆయనే, మంద పెద్ద. చెరువు దగ్గర గొర్రెలను నీళ్లకు తోలుతూ తోలుతూ గట్టు మీద కుప్పకూలాడట. ఎండ దెబ్బ అన్నాడొకడు. కల్లు ఎక్కువ తాగాడేమో అన్నాడు ఇంకొకడు.

బల్ల మీద పడుకోబెట్టి పట్టీ చుట్టాను. డెబ్బై ఎనిమిది, యాభై. నా కళ్లను నేనే నమ్మలేదు, రెండోసారి చూశాను. అంతే ఉంది. కాళ్లు ఎత్తి కింద గొంగడి మడిచి పెట్టాను. అంబులెన్సుకు ఫోన్ చేశాను. కాస్త కళ్లు తెరిచాక ఆశా ఉప్పు చక్కెర నీళ్లు కలిపి చెంచాతో తాగించింది. "ఏం తిన్నవు కాకా? ఏం తాగినవు?" అని అడిగితే పెదవి విప్పడే! గోడ దిక్కు చూస్తున్నాడు.

అంతలో చిన్నమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. చెప్పులు లేవు, రొప్పుతోంది. నన్ను చూడలేదు, కాపరులను చూడలేదు, తిన్నగా ఆయన దగ్గరికి పోయి వంగి అడిగింది.

"నాలుగు గోలీలు ఒక్కపారే మింగినవా? పొద్దుగాల రెండు, రాత్రి రెండని చెప్తిగదా!"

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఒంట్లో నెత్తురంతా తలకెక్కింది.

ఆమె చెప్పిన సంగతి ఇది. ఏడాది కిందట తాండూరులో గొర్రెలమ్మడానికి పోయినప్పుడు ఆయన ఎక్కడో బీపీ చూపించుకున్నాడు. రెండొందలు దాటిందన్నారు. ఆ మాట భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నా దగ్గరికొస్తే పుస్తకంలో పేరెక్కుతుంది, ఆశా ఇంటికొస్తుంది, ఊరందరికీ తెలుస్తుంది. రోగమున్నవాడి వెనుక మందలు కలపరు. దారి మధ్యలో అతనికేమన్నా అయితే నాలుగు ఇళ్ల జీవాలు ఏమైపోవాలి? అందుకని పెద్దరికం ఇంకొకరికి పోతుంది. ఆయనకు చావు కంటే అదే ఎక్కువ భయం. ఏం చేయాలో తెలియక ఆమె తనకేమన్నా ఉందేమో చూపించుకుందామని నా దగ్గరికొచ్చింది. అదృష్టమో దురదృష్టమో ఆమెకూ ఉంది. నేనిచ్చిన గోలీలు ఇంటికి తీసుకుపోయి ఆయనకిచ్చింది. మొదట చెరి సగం మింగారట. సగం గోలీతో ఇద్దరికీ ఏమీ కాదేమోనని తర్వాత మొత్తం ఆయనకే ఇచ్చింది. ఆయనకు బీపీ దిగింది. ఆమెకు దిగలేదని నేను పెంచుతూ పోయాను, పెంచిందంతా ఆయన కడుపులోకి పోయింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంతటిదాన్ని!

అప్పుడు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆ కాపరుల ముందు, గేటు దగ్గర పోగైన జనం ముందు, ఆమెను నిలబెట్టి కడిగేశాను.

"ఏడాది సంది నన్ను పిచ్చిదాన్ని చేసినవు గదే! డాక్టరమ్మను పిచ్చిదాన్ని చేసినవు! గా మనిషి సచ్చిపోతే ఎవరు జవాబు చెప్తరు? దొంగషీట్లు తెచ్చి నా మొఖాన కొడతవా?"

ఆమె తలవంచుకుని వింది. నేను ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు మెల్లగా అన్నది.

"షీటు ఖాళీ చెయ్యమన్నవు, చేసిన. ఎవలు మింగిన్రని ఏనాడన్న అడిగినవా బిడ్డా?"

జవాబు లేనప్పుడు నాకు కోపం రెండింతలవుతుంది. "ఇగ నీకు ఒక్క గోలీ గూడ ఇయ్య!" అని ఆమె కొంగులో ఉన్న షీట్లు గుంజుకున్నాను. అంబులెన్సు వచ్చింది. ఆయనను ఎక్కించాం, ఆమె వెంట ఎక్కింది. తాండూరుకు పోయారు. సెలైన్ ఎక్కించి, మర్నాడు సాయంత్రం ఇంటికి పంపేశారు.

ఆ మంగళవారమే డాక్టరమ్మకు ఫోన్‌లో అంతా చెప్పాను. "నేనూ ఫోన్‌లోనే పెంచుకుంటూ పోయాను కదా" అన్నదామె. తర్వాత అడిగింది, "సరే, ఆమె బీపీ ఇప్పుడెంతుంది?"

చూడలేదు నేను. తిడుతున్నంతసేపూ పట్టీ నా చేతిలోనే ఉంది, ఆమె నా ఎదురుగానే నిలబడి ఉంది. నెలల తరబడి ఒక్క గోలీ కూడా కడుపులో పడని మనిషి. నా నోరు పనిచేసింది గానీ నా చేతులు పనిచేయలేదు. "రేపు చూస్త మేడం" అన్నాను.

రేపు బుధవారం, టీకాలు. గురువారం ఇంకో ఊళ్లో గర్భిణుల పరీక్షలు. ఆమె ఇల్లు సబ్ సెంటర్ నుంచి ఐదు నిమిషాల నడక. పోవచ్చు. పోలేదు. పోతే నేనే తగ్గినట్టవుతుందనిపించింది, నిజం చెబుతున్నాను. శుక్రవారం తాళం తీసేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. సిగ్గుతో రావడం లేదులే, వచ్చేవారం అదే వస్తుంది, ఎక్కడికి పోతుంది, అనుకున్నాను. ఆశా, "నేను పోయి పిలుసుకొస్త అక్కా" అన్నది. "ఏం అవసరం లేదు, రానియ్యి" అన్నాను.

ఆదివారం పొద్దున ఇంట్లో ఉండగా ఫోన్ వచ్చింది. రొట్టెలు చేస్తూ చేస్తూ పొయ్యి ముందే పక్కకు ఒరిగిపోయిందట. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. నోరు వంకరపోయింది, మాట లేదు.

తాండూరు నుంచి హైదరాబాద్‌కు పంపారు. ప్రాణం దక్కింది. మూడు వారాల తర్వాత ఇంటికి తెచ్చారు. ఆ మూడు వారాలూ ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూచుని నేను ఒకటే లెక్క వేసుకునేదాన్ని. మంగళవారం పట్టీ చుట్టి ఉంటే? గోలీలు గుంజుకోకుండా, ఒకటి అక్కడే నా కళ్ల ముందు మింగించి ఉంటే? శుక్రవారం ఆశాను పంపి ఉంటే? బహుశా ఏమీ ఆగేది కాదేమో. డాక్టరమ్మ అదే అన్నది, ఏడాది నుంచి ఉన్నది నాలుగు రోజుల్లో పోదన్నది. నాకు ఆ ఓదార్పు ఎక్కలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. మా నాయనను తిట్టే నర్సు లేక పోగొట్టుకున్నాననుకున్నాను ఇన్నాళ్లూ. ఈమెకు తిట్టే నర్సు ఉండీ ఏం ఒరిగింది?

ఇంటికి తెచ్చారని తెలిసిన రోజు సాయంత్రం వాళ్లింటికి పోయాను. ఆయన నులకమంచం పక్కన కూచుని గిన్నెలో జావ కలుపుతున్నాడు. మందతో పోలేదు. ఆయన జీవాలు వేరేవాళ్ల మందలో కలిసి పోయాయి, పెద్దరికం ఇంకొకరికి ఇచ్చారు. ఎవరూ తప్పుకోమనలేదట, ఆయనే వద్దన్నాడట.

నేను మంచం పట్టె మీద కూచుని, "తప్పు నాదే చిన్నమ్మా" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"నీదేంది, తప్పు నాది" అన్నాడాయన, తల ఎత్తకుండా.

"కాదు కాకా, నాదే. నేను అడగలే."

"నువ్వు అడిగినా నేను చెప్పనిస్తుంటినా?"

ఇద్దరం అట్లా తప్పు నాదంటే నాదని వాదులాడుకున్నాం. ఆమె మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. నోటికి ఎడమ పక్క కొంచెం కదిలింది. అది నవ్వో ఏడుపో తెలియలేదు. నేను సంచిలోంచి మిషన్ తీసి ఆమె ఎడమ చేతికి పట్టీ చుట్టాను. తర్వాత అడగకుండానే ఆయన అంగీ చెయ్యి పైకి మడిచి నా ముందు చాపాడు. ఇద్దరి పేర్లూ వేరువేరుగా రాసుకున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టు ఇద్దరికీ తక్కువ మోతాదుతో మొదటినుంచీ మొదలుపెట్టాం.

షీట్లు అడగడం మానేశాను. ఇప్పుడు ఎవరొచ్చినా తలుపు దగ్గరగా వేసి, పక్కన కూచోబెట్టుకుని, "ఇంట్ల ఇంకెవరన్న గివి వేసుకుంటున్నరా? నేను కోపం చెయ్య, చెప్పు" అని అడుగుతాను. మొదటి శుక్రవారం ముగ్గురు చెప్పారు. ఒకామె అత్తకు ఇస్తోంది, ఆమె మంచం దిగలేదు కనక. ఒకాయన హైదరాబాద్‌లో కూలికి పోయిన తమ్ముడికి బస్సులో పంపుతున్నాడు. ఇంకొకాయన, నేను కోప్పడతానని, మిగిలిన గోలీలు వచ్చే ముందు రోజు బర్రె కుడితిలో వేస్తున్నాడు. మామూలుగా అయితే ఆ రోజు రేకులు ఎగిరిపోయేవి. పళ్లు బిగబట్టి నవ్వాను. "బర్రెకు బీపీ ఎట్లున్నది?" అన్నాను. ఆయన కూడా నవ్వాడు, తర్వాత గోలీ వేసుకుంటే కడుపులో తిప్పుతోందన్న అసలు సంగతి చెప్పాడు. నోరు మూసుకోవడం నాకు ఈ వయసులో కొత్త చదువు. ఇంకా సరిగా రాలేదు.

వానలు మొదలయ్యాక ఒక శుక్రవారం ఆయన ఆమెను ఆటోలో సబ్ సెంటర్‌కు తీసుకొచ్చాడు. అప్పటికి చేతికర్ర పట్టుకుని పదడుగులు వేస్తోంది. మాట మాత్రం రాలేదు, ఊ అనే శబ్దం తప్ప. వసారాలో రెండు బెంచీలూ నిండి ఉన్నాయి. జనం సర్దుకుని ఆమెకు చోటిచ్చారు. లోపలికి నడిపించడం ఎందుకని నేనే మిషన్ బయటికి తెచ్చి అక్కడే పట్టీ చుట్టాను.

నూట ముప్పై, ఎనభై నాలుగు. ఆమె చేతికి అంత తక్కువ నేను ఎన్నడూ చూడలేదు. పట్టీ విప్పి మళ్లీ చుట్టి చూశాను. అదే.

"మస్తు మంచిగున్నది చిన్నమ్మా" అన్నాను.

ఆయన మిషన్ వైపే చూస్తున్నాడు. అంకెలు ఆయనకు వచ్చు, గొర్రెలు లెక్కపెట్టేవాడికి అంకెలు రావా! నా వైపు తిరిగి అడిగాడు.

"సిస్టరమ్మా, గీ గోలీలు ఈమె మొదటి సంది మింగి ఉంటే, అప్పుడు గూడ గింతనే వస్తుండెనా?"

అబద్ధం చెప్పొచ్చు. ఏమో కాకా, చెప్పలేం, మనిషి మనిషికీ వేరుగా ఉంటుంది, అనొచ్చు. నా నోటికి మాటలు వెతుక్కోవడం ఎన్నడూ అలవాటు లేదు, ఆ రోజు వెతుక్కున్నాను. ఆయన నా మొఖంలోకే చూస్తున్నాడు.

"వస్తుండె కాకా" అన్నాను.

ఆయన తల ఊపాడు. లేచి నిలబడ్డాడు. బెంచీల మీద కూచున్నవాళ్ల వైపు తిరిగాడు. వాళ్లలో ఆయనతో పన్నెండేళ్లు మంద తోలినవాళ్లు కూడా ఉన్నారు.

"ఇన్నరా? రెండు బెంచీలోళ్లు ఇన్నరా? ఈమె గోలీలు నేను మింగిన. నాకు రోగమున్నదని తెలిస్తే మీరు నా ఎంబడి రారని బుగులుకు మింగిన. నేను మంచిగనే ఉన్న. ఈమె నోరు పోయింది."

ఎవరూ తల ఎత్తలేదు. ఆయన ఇంకా ఏదో చెప్పబోతున్నాడు. ఆమె బెంచీ మీద ముందుకు ఒరిగి, పనిచేసే ఆ ఎడమ చేత్తో ఆయన తువ్వాల కొసను పట్టుకుని గట్టిగా గుంజింది. తల అడ్డంగా ఊపుతూ, ఊ ఊ అంటూ గుంజుతూనే ఉంది, పది మంది ముందర ఆ మాట చెప్పొద్దని.